చేతికందేంత దూరం

వెంకటలక్ష్మి కాయను ముక్కు దాకా తెచ్చుకుని, ముచ్చిక ఎక్కడుందో చూసి కత్తెరతో తుంచింది. కాయను బోర్లించి తడిక మీద పెట్టగానే సొన బొట్టు బొట్టుగా కారడం మొదలైంది. ఎండ ఇంకా షెడ్డు రేకుల మీదికి ఎక్కలేదు. అప్పటికే ఆమె ముందు బంగినపల్లి కాయలు వరసలుగా బోర్లా పడుకుని ఉన్నాయి.

నూజివీడు చుట్టుపక్కల వేసవి వచ్చిందంటే కూలి ఆడవాళ్ళ చేతులు చూడలేం. వేళ్ళ కొసలు నల్లబడతాయి, చర్మం పొరలుగా లేస్తుంది. కొబ్బరినూనె రాసుకుని పనిలోకి దిగినా, ఇంటికెళ్ళి సబ్బుతో తోముకున్నా, సొన గోళ్ళ కింద ఎక్కడో దాక్కునే ఉంటుంది. వెంకటలక్ష్మి చెంపల మీద మచ్చలన్నీ అలా వచ్చినవే. చెమట తుడుచుకోవడం ఒక్కటే ఆమె చేసిన పాపం.

ఇవాళ మాత్రం ఆమె రెండు చేతులకూ పాలిథిన్ సంచులు తొడిగి, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసుకుంది. పని నత్తనడక నడుస్తోంది. పక్కన కూర్చున్న సుజాత చూసీ చూసీ, "ఏంటొదినా, కాయలకి ఆపరేషన్ చేస్తున్నావా?" అంది.

"సాయంత్రం పిల్ల ఉద్యోగానికి వైజాగ్ వెళ్తంది. ఒక్కసారి దాని మొహం పట్టుకుని మెటికలు విరుద్దామని."

సుజాత మరి నవ్వలేదు. పోయినేడు సంగతి ఆమెకీ తెలుసు.

కూతురు లావణ్యకు మూడో తరగతి నుంచీ కళ్ళజోడు. అంతకుముందు తోటలో రాలిన కాయలు ఏరమంటే పిల్ల నేలంతా తడుముకునేది. పరధ్యానం అనుకుని వెంకటలక్ష్మి వీపు మీద రెండు తగిలించేది. బడిలో కళ్ళ క్యాంపు పెట్టినప్పుడు గాని అసలు విషయం తెలియలేదు. "ఇంట్లో ఇంకెవరికైనా ఉండొచ్చు, మీరూ చూపించుకోండమ్మా" అన్నాడు డాక్టరు. "నాకెందుకండీ, కాయ నా చేతిలోనే ఉంటది కదా" అంది వెంకటలక్ష్మి. అదీ నిజమే. చేతిలో ఉన్న కాయ మీద చీమ పాకినా ఆమెకు కనపడుతుంది. చెయ్యి దాటితే లోకమంతా అలికేసినట్టుంటుంది. అందరికీ అంతేననుకుంది. మనుషుల్ని నడకను బట్టీ గొంతును బట్టీ పోల్చుకుంటూ నలభై దాటించేసింది.

కళ్ళజోడు పెట్టుకున్న మొదటిరోజు లావణ్య తల్లి వంక కళ్ళప్పగించి చూసి, "అమ్మా, నీ బుగ్గల మీద ఇన్ని మచ్చలున్నాయేంటి?" అంది. అంత పిల్లయ్యేదాకా తల్లి మొహం సరిగా చూడనేలేదన్నమాట. వెంకటలక్ష్మి అప్పటికి నవ్వేసింది గాని, తర్వాత పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. ఆ మర్నాటి నుంచీ పిల్ల బడికి వెళ్ళేముందు ఆ అద్దాలు చీర కొంగుతో తుడిచి పెట్టడం ఆమె పని.

పోయినేడు లావణ్యకు బట్టల షోరూమ్‌లో ఉద్యోగం వచ్చింది. సోడాబుడ్డి అద్దాలతో కౌంటర్లో నిలబడితే బాగోదు, లెన్సులు పెట్టుకు రమ్మన్నారు. "కళ్ళు పోయేంత కాటుక ఎవరన్నా పెట్టుకుంటారా" అని మొగుడు గంగరాజు గొణిగాడు. ఆ గొణుగుడు గొణిగి, చింతలపూడి వైపు తోట కాపలాకి వెళ్ళిపోయాడు. ఒకరోజు లెన్సు జారి కంటి మూలన ఇరుక్కుంది. పిల్ల కంగారుపడి "అమ్మా" అంది. అప్పుడే షెడ్డు నుంచి వచ్చిన వెంకటలక్ష్మి చేతులు మళ్ళీ మళ్ళీ కడుక్కునే రెప్ప ఎత్తింది. సొన మాత్రం పోలేదు. కన్ను బూరెలా వాచింది. అది తగ్గేసరికి ఆ ఉద్యోగంలో వేరే పిల్ల చేరింది. కన్ను నిలిచింది, అదే పదివేలు అన్నారందరూ. లావణ్య పల్లెత్తు మాట అనలేదు. అదే వెంకటలక్ష్మికి ఇప్పటికీ మింగుడుపడదు. మళ్ళీ సీజను మొదలైన దగ్గర్నుంచీ ఆమె పిల్ల మొహం మీద చెయ్యి వెయ్యలేదు.

మధ్యాహ్నానికి లారీ వచ్చింది. "అక్కా, ఈ సంచులేంటి? సాయంత్రానికి లోడెక్కాలి" అన్నాడు మేస్త్రీ సుభాష్. కత్తెర తగిలి ఒక సంచి చిరిగింది. ఇంకోటి కట్టుకుంటే అదీ చిరిగింది. లోపల చేతులు చెమటకి ఉడికిపోతున్నాయి. వెంకటలక్ష్మి కాసేపు వాటి వంక చూసి, రెండూ ఊడదీసి పక్కన పడేసింది. ఎవరి మీదా కోపం రాలేదు. కోపానికీ ఓపిక కావాలి.

బస్టాండులో, అద్దాల బదులు లెన్సులు పెట్టుకున్న లావణ్య మొహం చిన్నగా, కొత్తగా ఉంది. ముక్కు మీద కళ్ళజోడు వేసిన గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి. ఆమె కళ్ళు మూసుకుని మొహం ముందుకు చాపింది. "ఏం కాదులే అమ్మా, చేతులు పెట్టు."

"వద్దే. సొన." వెంకటలక్ష్మి చేతులు వెనక్కి పెట్టుకుంది. కాస్త దూరం జరిగి, గాలిలోనే పిల్ల మొహం చుట్టూ చేతులు తిప్పి, తన కణతలకు ఆనించుకుంది. ఒక్క మెటికే విరిగింది.

బస్సు కదిలింది. మధ్య కిటికీలో పసుపుపచ్చ చున్నీ కనపడుతోంది. మలుపు తిరిగేదాకా వెంకటలక్ష్మి చెయ్యి ఊపుతూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి కిటికీలో పిల్ల కళ్ళజోడు ఉంది. పడుకునేముందు లెన్సులు తీసేస్తే పిల్ల తడుముకోవాల్సిందే. వెంకటలక్ష్మి ఫోన్ చేసింది.

"అద్దాలు మర్చిపోయావేంటే?"

"మర్చిపోలేదమ్మా. నాకు కొత్తవి చేయించుకున్నాను. అవి నీకే." "నేను వెనక సీట్లో కూర్చున్నాను. నువ్వు వేరే ఎవరికో చెయ్యూపుతున్నావు. పిలిచాను, నీకు వినపడలేదు."

"ఎందాకా వచ్చారు?" అంది వెంకటలక్ష్మి.

"హనుమాన్ జంక్షన్ దాటాం."

"సరే, జాగ్రత్త."

కొంగుతో పట్టుకుని కళ్ళజోడు పెట్టుకుంది. గుమ్మంలోకి వచ్చి చూసింది. వీధి చివర కరెంటు స్తంభం, దాని మీద కాకి, అక్కణ్ణుంచి బస్టాండు వైపు తిరిగే రోడ్డు అన్నీ ఎంతో తేటగా కనపడ్డాయి. రోడ్డు మీద ఎవరూ లేరు. ఇదే ఇంకో గంట ముందు పెట్టుకుని ఉంటే బస్సులో పిల్ల మొహం కళ్ళారా చూసుకునేదాన్ని కదా అని ఏడుపొచ్చింది. అద్దాలు తీసి, అలవాటుగా తుడవబోయి ఆగి, తిరిగి కిటికీలో పెట్టింది. ఎడమ అద్దం మీద లావణ్య బొటనవేలి ముద్ర అలాగే ఉంది.