లోయకేసి తిరిగిన రాయి

ఆ పొద్దున ఆకాశం కొండ దిగొచ్చి రోడ్డు మీద కూలబడింది. చెయ్యి చాపితే వేళ్ళు కనబడని మంచు. ఆ మంచులోనే చిన్నమేస్త్రి, మలుపులో ఇనపకమ్మీల పక్కన, రాయి నిలబెట్టాడు. కింద లోయలో తెల్లదొరల నాటి కోట ఉండేది. మిగిలినవి మొండిగోడలే. ఆగి చూసేవాళ్ళకి ఆ సంగతి చెప్పడానికి ఈ రాయి. అక్షరాలు చెక్కింది అతని అక్క మొగుడు, పెద్దమేస్త్రి. పోయినేడు ఈ బావమరిది ఒక సమాధిరాయిని చేజార్చి రెండు ముక్కలు చేశాడు. "ఇంకొక్కటి పాడుచేశావో, నీ దారి నీది," అని బావ అప్పుడే చెప్పి ఉంచాడు.

మంచు విడేసరికి సిమెంటు బిగిసిపోయింది. ఓవర్సీరు జీపు దిగి చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. రోడ్డువైపు ఉత్త గరుకురాయి. అక్షరాలన్నీ లోయవైపు.

"దీన్ని ఎవరు చదవాలయ్యా? గద్దలా?"

చిన్నమేస్త్రి వంగి లోయలోకి చూశాడు. వాళ్ళింటి పనిలో సమాధిరాయి ముఖం ఎప్పుడూ పోయినవాళ్ళ వైపే. ఇక్కడ పోయింది కోట. కోట ఉన్నది లోయలో. చెయ్యి తన అలవాటున తాను చేసుకుపోయింది.

"కోటవైపే పెట్టాను కదండీ."

"కోటకి చదువొచ్చా?"

ఇంతలో ఒక కారు ఆగింది. మొగుడూ పెళ్ళాం దిగి, ఆ బోడివైపే నిలబడి ఫొటో తీసుకుని, సంబరంగా వెళ్ళిపోయారు. ఓవర్సీరు వాళ్ళ వంక చూశాడు, రాయి వంక చూశాడు, తల గోక్కున్నాడు.

"పెకలించి తిప్పితే?"

"విరుగుతుంది," అన్నాడు పక్కనే నిలబడ్డ పెద్దమేస్త్రి. "ఇటూ చెక్కుతాను."

"ఏం చేస్తారో, రోడ్డు మీదివాళ్ళకి కనబడాలి," అని ఓవర్సీరు జీపెక్కాడు.

చిన్నమేస్త్రి తాపీ, తూకంగుండు గోతాంలో వేసుకుంటున్నాడు.

"ఎక్కడికిరా?"

"నా దారి నాదన్నావుగా బావా."

"తూకం పట్టి చూసిందెవరు? నేనే కదా. అక్షరాలకి ముక్కు ఆనించి మరీ చూశాను. ముఖం అటు తిరిగిందని నాకు మాత్రం తట్టిందా?"

"అయితే తప్పెవరిది?"

"ఏమో. పొద్దుట్నుంచీ అదే అర్థం కావడంలేదు. రేపు ఈ ముఖం నువ్వు నునుపు చెయ్యి. ఆ గోతాం దించు."

అన్నం తెచ్చిన అక్క ఇద్దర్నీ చూసి, "మంచు రోడ్డు మీదే అనుకున్నాను, మీ బుర్రల్లో కూడానా?" అంది.

ఎవరూ నవ్వలేదు. రాయి నీడన ముగ్గురూ కూర్చున్నారు. బావ తన కంచంలోంచి ఓ ముద్ద తీసి అతని కంచంలో పెట్టాడు. ఎందుకో అడగకుండా చిన్నమేస్త్రి తిన్నాడు. అందరూ తిన్నారు.