మేలిముసుగు మీద పూలనీడ

పొద్దున్నే కుట్టుమిషనుకు నూనె వేసి, పెరట్లో అడవి క్యారెట్ మొక్కకు చెంబెడు నీళ్లు పోయడం దర్జీకి అలవాటు. ఈ మొక్క సంగతి ముందే చెప్పాలి. విత్తనాల్ని లోతుగా పాతకూడదు. పైపైన చల్లి వేలితో అదిమితే చాలు, వెలుగు తగిలి మొలుస్తాయి. మొదటి ఏడు ఉత్త ఆకులే. పువ్వు రెండో ఏటికే.

తమ్ముడికి అంత ఓపికేదీ? మొదటి ఏడే మూడు మొక్కలు పీకి కూర వండేశాడు.

"పుల్ల నమిలినట్టుందే అక్కా!"

"నములు నాయనా, నములు. ఒక్కటైనా మిగిల్చావు, అదే పదివేలు."

ఆ ఒక్కటీ రెండో ఏడు నడుమెత్తు పెరిగి, తెల్లటి లేసు అల్లినట్టు విరగబూసింది. దర్జీకేమో చూపు మందగించి లేసు అల్లడం చేతకావడం లేదు.

"శుక్రవారానికి పెళ్లికూతురి లేసు ముసుగు ఇవ్వలేకపోతే, లేసు బల్ల వదిలేసి ఇక గుండీలు కుట్టుకుంటూ కూర్చో," అనేశాడు ఆమె పనిచేసే దుకాణం యజమాని.

గురువారం ఆమె ముసుగును పూల కింద పరిచింది. ఆ పూల నీడ బట్ట మీద పడితే అంటుకుపోతుంది, ఉతికినా వదలదు. అందుకే ఇరుగుపొరుగు అటువైపు బట్టలు ఆరేయరు.

జానెడు జానెడు జరుపుతూ వచ్చింది. భుజం దగ్గర కొంత మిగిలుండగానే ఎండ ఎదురింటి వెనక్కి జారుకుంది.

"ఒరేయ్, బీరువా అద్దం ఊడదీసుకుని గోడెక్కు!"

"పడితే నా కాలు విరుగుతుందే!"

"కాలికి కట్టు కడతారులే. అద్దం జాగ్రత్త!"

అద్దంలోంచి వెలుగు పూల మీద పడింది. అంతలో గాలికి ముసుగు లేచింది. దర్జీ గబుక్కున అరచేత్తో అదిమిపట్టింది. చెయ్యి తీసేసరికి పూల మధ్య అయిదు వేళ్ల ఖాళీ! అక్కడ పడాల్సిన పూలు ఆమె చేతి మీద అంటుకున్నాయి.

"నా పని అయిపోయిందిరా," అంది.

మర్నాడు దుకాణంలో యజమాని ముసుగు తిప్పి చూసి, ఆ ఖాళీ దగ్గర మొహం ముడిచాడు. ముసుగు కోసం వచ్చిన పెళ్లికూతురు మాత్రం దాన్ని వేసుకుని, దర్జీ చెయ్యి లాక్కుని తన భుజం మీద పెట్టుకుంది. పువ్వుకు పువ్వు కలిసింది.

"అమ్మ లేదు, పక్కన ఎవరు నిలబడతారా అని బెంగగా ఉండేది. రేపు పెళ్లికి మీరు రావాలి పిన్నీ. మీరు లేకపోతే ఈ ముసుగు పూర్తికాదు."

"లేసు బల్లకి రేపు సెలవు," అన్నాడు యజమాని. "ఎల్లుండి మాత్రం పెందలాడే వచ్చెయ్."