చెయ్యి ముందా, కేక ముందా

సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలు. వాన వెలిసి పావుగంటయింది, గాలి లేదు, దర్జీ దుకాణం చూరు నుంచి మాత్రం మూడు చోట్ల నీటిచుక్కలు ఇంకా తాపీగా రాలుతున్నాయి. ఆ చూరు కింద నిలబడి పిట్ట ఫోనులో వచ్చిన ఫలితాన్ని రెండోసారి చదివింది. మొదటిసారి ఉన్న మాటే రెండోసారీ ఉంది.

ఆమె అసలు పేరు ఆసుపత్రి రికార్డుల్లో తప్ప ఎవరూ వాడరు. తల్లి పోయిన ఏడాది, నాలుగేళ్ళ పిల్లగా మేనత్త ఇంటికి వచ్చినప్పుడు, "పిట్ట తిన్నట్టు తింటోందే" అని అత్త అన్న మాట పేరై కూర్చుంది.

లోపల అత్త ఒక స్కూలు చొక్కాకు చంక కింద కుట్టు వేస్తోంది. తల ఎత్తకుండానే, అడుగుల చప్పుడును బట్టి సంగతి పసిగట్టింది.

"తప్పానత్తా."

మిషను ఆగలేదు. "ఎంతలో?"

"కొంచెంలో."

"కొంచెంలోనా! అయితే మంట ఇంకా ఎక్కువ. ఇటు రా, ఈ దారం కొరుకు. నాకు పళ్ళు లేవు, నీకు పని లేదు."

పిట్ట దారం కొరికింది. కొరుకుతూనే ఏడ్చింది. అత్త మిషను ఆపి, బట్ట తడవకుండా పక్కకు జరిపి, అప్పుడు ఆమె తలను ఒళ్ళోకి తీసుకుంది.

ఆ పరీక్ష మీద ఆధారపడినది ఒక్కటే. అది చిన్నది కాదు. పిట్ట ఆరేళ్ళుగా మగవాళ్ళ వార్డులో ఆయాగా పనిచేస్తూ నర్సింగు చదువు పూర్తిచేసింది. అదే వార్డులో నర్సు చోటొకటి ఖాళీ అయింది. లైసెన్సు పరీక్ష గట్టెక్కితే అది ఆమెది. మళ్ళీ రాయడానికి నలభై అయిదు రోజుల వ్యవధి ఉంది; ఆ ఫలితం వచ్చేదాకా చోటు ఆపుతాననీ, ఆపైన తన చేతిలో ఏమీ లేదనీ వార్డు పెద్ద సిస్టర్ చెప్పింది.

మర్నాటి నుంచి పిట్ట చేసినది, తప్పినవాళ్ళలో చాలామంది చేసేదే. పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. నాలుగు రంగుల పెన్నులు తెచ్చుకుంది. గోడకు టైంటేబుల్ అంటించింది. పదహారో రోజున మాదిరి పరీక్ష రాసుకుంటే మార్కులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"నాకు బుర్ర లేదత్తా."

"బుర్ర సంగతి తర్వాత. చంక దగ్గర పట్టేస్తోందని ఎవరో చొక్కా తెచ్చారనుకో, నేనేం చేస్తాను?"

"విప్పి సరిచేస్తావు."

"ఏది విప్పుతాను? కాలరా? జేబా? మొత్తం చొక్కా విప్పదీసి మళ్ళీ కుడితే మళ్ళీ అక్కడే పట్టేస్తుంది, మొద్దూ. తొడిగి చూడాలి. ఎక్కడ లాగుతోందో అక్కడ సుద్దగీత పెట్టాలి. నీ తప్పులు తీసుకురా. ఒప్పులు నాకొద్దు."

ఆ మాదిరి పరీక్షలో తప్పులు నలభై మూడు. అత్త చదివింది అయిదో తరగతి. మందుల పేర్లు ఆమె చెవికి తిట్లలా వినిపిస్తాయి. అయినా ఒక పాత అట్టముక్క, సుద్దబిళ్ళ పట్టుకుని కూర్చుంది.

"ఆపరేషనైన మనిషికి ఉన్నట్టుండి ఊపిరాడటం లేదు," పిట్ట చదివింది. "నర్సు ముందుగా ఏం చెయ్యాలి? లేపి కూర్చోబెట్టాలా, డాక్టరుకు చెప్పాలా, రికార్డులో రాయాలా, చుట్టాలను పిలవాలా?"

"నువ్వేం పెట్టావు?"

"డాక్టరుకు చెప్పాలని."

అత్త గీత పెట్టింది.

"సెలైను ఎక్కుతున్న చెయ్యి వాచింది. ముందుగా ఏం చెయ్యాలి?"

"నువ్వు?"

"సీనియరును పిలవాలని పెట్టాను. ఎక్కడం ఆపాలట."

పదకొండో ప్రశ్న దగ్గర అత్త సుద్దబిళ్ళ కింద పెట్టింది. "ఏమే పిట్టా, ఈ పరీక్షలో నర్సువు నువ్వేనా?"

"నేనే."

"మరి ప్రతిదానికీ ఇంకోర్ని కేకేస్తావేం? మంచం మీద మనిషి గిలగిల్లాడుతుంటే నువ్వు వరండాలోకి పరిగెడుతున్నావు!"

అన్నీ అయ్యాక చూస్తే నలభై మూడింట్లో ఇరవై తొమ్మిది అలాంటివే. అట్టముక్క మీది గీతలను పిట్ట మళ్ళీ లెక్కపెట్టింది. ఆ గీతలు ఎక్కడ మొదలయ్యాయో ఆమెకు జ్ఞాపకం వచ్చింది.

ఆయాగా చేరిన మొదటి నెలలో, వెన్నులో మత్తు సూది వేయించుకుని, తలకింద ఏమీ లేకుండా వెల్లకిలా పడుకోవలసిన రోగికి జాలిపడి తలకింద రెండు దిండ్లు పెట్టింది. ప్రమాదమేమీ జరగలేదు. కానీ పెద్ద సిస్టర్ అందరి ముందూ అంది: "నీ పని చెయ్యి పెట్టడం కాదమ్మాయ్, కేక పెట్టడం." ఆయాకు ఆ మాట నూటికి నూరుపాళ్ళూ సరైనది. పిట్ట దాన్ని ఆరేళ్ళు తు.చ. తప్పకుండా పాటించింది. పాటించగా పాటించగా అది చెవిలోంచి చేతిలోకి దిగింది. కనుక పరీక్ష తప్పింది చదువు లేక కాదు. నర్సుల పరీక్షకు ఆమె ఆయాగా వెళ్ళి కూర్చుంది.

ఆ సాయంత్రం నుంచి అత్త రోగి అయింది. బట్టలు కత్తిరించే బల్ల మీద పడుకుని ఆయాసపడేది.

"డాక్టరు భోజనానికి పోయాడు. సీనియరుకు చెవుడు. నేను నీలంగా మారిపోతున్నా. ఏం చేస్తావు?"

"లేపి కూర్చోబెడతాను."

"నోటితోనా?"

పిట్ట ఆమె వీపు కింద చెయ్యి వేసి, మెడకు ఆసరా ఇచ్చి, మెల్లగా లేపి కూర్చోబెట్టింది. అత్త ఆయాసపడటం మరిచిపోయి ఆ చేతిని కాసేపు అలాగే ఉండనిచ్చింది. "ఇంత మెత్తగా లేపితే చావబోయేవాడు కూడా ఆగి ఆలోచిస్తాడే," అంది.

వారం తిరిగేసరికి కొత్త చిక్కు వచ్చింది. ఇప్పుడు పిట్ట ఎవర్నీ పిలవడం లేదు. పిలవవలసిన చోట కూడా. ఆ గీత ఎక్కడ పెట్టాలో అత్తకు తెలియదు. అందుకని పిట్ట పెద్ద సిస్టర్ దగ్గరకు వెళ్ళింది.

"మీరు ఎప్పుడు పిలుస్తారు, సిస్టర్?"

పెద్ద సిస్టర్ పెన్నుకు మూత పెట్టింది. "ముందు చూస్తాను. నా చేతిలో ఉన్నది చేస్తాను. నా చేతిలో లేనిది మిగిలితే పిలుస్తాను. చూడటానికీ పిలవడానికీ మధ్య ఒక్కోసారి నాలుగు సెకన్లే ఉంటాయి. కానీ ఉంటాయి."

"మొదటి నెలలో మీరు నన్ను... చెయ్యి పెట్టడం కాదు, కేక పెట్టడం నీ పని అన్నారు."

"నేనా? ఎప్పుడన్నాను?"

ఆమెకు బొత్తిగా గుర్తు లేదు. పిట్ట దిండ్ల సంగతి చెప్పింది. పెద్ద సిస్టర్ విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఆ మాట ఆయాతో అన్నానమ్మాయ్. నర్సు దగ్గర వెనక్కి తీసుకుంటున్నాను. సరేనా?"

తర్వాత పిట్ట ప్రతి తప్పు పక్కనా సరైన జవాబు రాసుకోవడం మానేసి, ఆ తప్పు చేసినదెవరో రాసుకుంది: ఆయానా, విషయం నిజంగా తెలియని విద్యార్థినా అని. నిజంగా తెలియనివి పద్నాలుగే. పుస్తకం వాటి కోసమే తెరిచింది. రంగు పెన్నులు అత్తకు కొలతలు రాసుకోవడానికి పనికొచ్చాయి.

రెండో ఫలితం మధ్యాహ్నం పన్నెండుంబావుకు వచ్చింది. ఎండ కాస్తోంది. పిట్ట గుమ్మం దాటకముందే అత్త మిషను ఆపేసింది.

"చెప్పకు. దారం కొరుకు ముందు."

పిట్ట కొరికింది, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ. ఈసారి ఏడ్చింది అత్త. బట్టను పక్కకు జరపడం మరిచిపోయింది. ఎవరిదో తెల్లచొక్కా, మళ్ళీ ఉతికి ఇవ్వవలసి వచ్చింది.

తొమ్మిదేళ్ళ తర్వాత ఒక ఉదయం అత్తకు మిషను ముందే ఊపిరాడలేదు. పిట్ట ఆమెను గోడకు ఆనించి నిటారుగా కూర్చోబెట్టి, మెడ దగ్గర గుండీ విప్పి, ఆ తర్వాత అంబులెన్సుకు ఫోను చేసింది. అత్త ఆపైన నాలుగేళ్ళు బట్టలు కుట్టింది.