తప్పు చేయని చేతి తూటాలు

డ్రై ఫోర్క్ ఊళ్ళో రెండు సంగతుల మీద ఎవరికీ అనుమానం లేదు. అక్టోబరు ఆఖరి వారంలో మంచు పడుతుంది. ఆర్విడ్ హాగ్‌స్ట్రామ్ తప్పు చేయడు. మొదటిది ఒకటి రెండు ఏళ్ళు తప్పింది కూడా. రెండోది ముప్పై ఒక్క ఏళ్ళుగా తప్పలేదు.

ఆర్విడ్ రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసి రిటైరయినవాడు. ఇంటి కింది గదిలో, బట్టలుతికే మెషీను పక్కన బల్ల వేసుకుని, కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాల్లో మళ్ళీ తుపాకీమందు పోసి, పైన కొత్త గుండు బిగిస్తూ ఉంటాడు. అమెరికాలోని ఈ మోంటానా రాష్ట్రంలో ఈ పని చేసేవాళ్ళు వీధికి నలుగురు. కొట్లో దొరికేదానికి ఇంత అవస్థ ఎందుకని అడిగితే నొచ్చుకుంటారు. ఇంట్లో ఆవకాయ ఉండగా బజారు సీసా కొనమన్నట్టు చూస్తారు.

ఆ బల్ల పైన గోడకు ఆర్విడ్ చేత్తో రాసిన నియమాల అట్ట ఉంది. బల్ల మీద ఒక్కటే మందు డబ్బా ఉండాలి. పని మధ్యలో ఎవరితోనూ మాట్లాడకూడదు. పరాయివాడు నింపిన తూటా నీ తుపాకీలో పెట్టకూడదు. ఈ చివరి నియమాన్ని ఊరందరి చేతా వల్లె వేయించి, తర్వాత ఏటేటా తాను నింపిన తూటాలనే పెట్టెలు కట్టి ఊరికి పంచేవాడు. మరి వాళ్ళకు నువ్వు పరాయివాడివి కాదా అని భార్య డెలోరిస్ ఒకసారి అడిగింది. తాను పరాయివాడేమిటి, తాను ఆర్విడ్ కదా అన్నాడు. హాస్యానికి అన్నమాట కాదది.

ఆ ఏడు వేట మొదలయ్యేది శనివారం. అంతకుముందు గురువారం సాయంత్రం చర్చి కింది హాల్లో ఎప్పటిలాగే వేటగాళ్ళ విందు జరిగింది. జింక మాంసం సాసేజీలు, బంగాళాదుంపలు పైన పరిచి పొయ్యిలో కాల్చిన హాట్‌డిష్, ఏటా వచ్చేదీ ఏటా మిగిలిపోయేదీ అయిన ఆకుపచ్చ జెల్లీ. ఆర్విడ్ తెచ్చిన తూటాల పెట్టెలు నాలుగు. మూడింటికి టోపీలో చీటీలు తీశారు. నాలుగోదానికి చీటీ ఉండదు, అది కొరిన్‌ది.

కొరిన్ ఆర్విడ్ పోయిన తమ్ముడి కూతురు, స్కూలు బస్సు నడుపుతుంది. పన్నెండేళ్ళప్పుడు ఆమెకు తుపాకీ పట్టడం నేర్పింది ఆర్విడే. పిల్లలు లేని ఆ దంపతులకు ఉన్న ఆశంతా ఆ ఒక్క పిల్ల మీదే. పెట్టె చంకలో పెట్టుకుని, పెదనాన్న బుగ్గ మీద ముద్దుపెట్టి, మొగుడు మెర్విన్‌ను లాక్కుని అప్పుడే కొండమీది గుడారానికి బయల్దేరింది. తర్వాత పెదనాన్న ఉపన్యాసం ఉందని ఆమెకు తెలుసు. చిన్నప్పటినుంచీ విన్నదే కదా.

ఆ రాత్రి ఉపన్యాసం ఇంట్లో తూటాలు నింపేటప్పుడు జరిగే పొరపాట్ల గురించి. ఆర్విడ్ తన రైఫిలు మందు డబ్బా వెంట తెచ్చుకున్నాడు. శుభ్రమైన మందు ఎలా ఉంటుందో చూడండి అంటూ తెల్లటి కాగితప్పళ్ళెంలో కొంచెం వంపాడు. వంపి, కిందికి చూశాడు. నల్లటి సన్నని పుల్లముక్కల మధ్య గుండ్రటి చిన్న రవ్వలు కనిపించాయి.

పుల్లముక్కలు రైఫిలు మందు. నిదానంగా మండుతుంది. రవ్వలు పిస్తోలు మందు. భగ్గున మండుతుంది. రెండూ కలిసి రైఫిలు తూటాలోకి వెళ్తే, పేలేది ముందువైపే అన్న నమ్మకం లేదు. కాల్చేవాడి చెంప తుపాకీకి ఆనించి ఉంటుంది.

ఎక్కడ జరిగిందో ఆర్విడ్‌కు క్షణంలో తెలిసిపోయింది. ఆదివారం పిస్తోలు తూటాలు నింపడం పూర్తిచేసి, నియమం ప్రకారం ఆ డబ్బా తీసి అలమరాలో పెట్టేశాడు. రైఫిలు మందు డబ్బా బల్లమీదికి తెచ్చాడు. మందు పోసే గరాటులో పిస్తోలు మందు ఇంకా మిగిలే ఉంది. సరిగ్గా అప్పుడే పాస్టరు వచ్చి, గురువారం విందులో పొరపాట్ల మీద మాట్లాడాలని బతిమాలాడు. పని మధ్యలో ఎవరితోనూ మాట్లాడకూడదన్న సంగతిని ఆర్విడ్ ఆయనకు అరగంట వివరించాడు. తిరిగొచ్చి చూస్తే గరాటులో మందు, బల్ల మీద ఒకే ఒక్క డబ్బా. ఒక్కటే ఉండాలన్నది తన నియమమే కనుక, గరాటులోది ఆ డబ్బాదే అయి ఉండాలి. అందులో వంచేశాడు. ఆ డబ్బాలోంచే మళ్ళీ తీసి నాలుగు పెట్టెలు నింపాడు. నియమం పాటించి మరీ పప్పులో కాలేశాడు.

హాల్లో ఎనభై మంది చూస్తున్నారు. ప్లేటు ఆర్విడ్‌కు తప్ప ఎవరికీ కనబడదు. ఉపన్యాసం ముగించి, విడివిడిగా ఏదో సాకు చెప్పి పెట్టెలు వెనక్కి తీసుకుంటే పరువు దక్కుతుందని ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన వచ్చినందుకు తర్వాత చాలాకాలం సిగ్గుపడ్డాడు. కానీ అప్పటికి కొరిన్ బయల్దేరి అరగంటయింది.

“ఈ మందు కల్తీ అయింది. కలిపింది నేనే. ఇవాళ ఇచ్చిన తూటాలు ఎవరూ కాల్చొద్దు. చేతులారా తప్పు చేశాను” అన్నాడు.

తర్వాత పాస్టరు మెల్లగా చప్పట్లు మొదలుపెట్టాడు. ఆ వెనకే హాలంతా మోగిపోయింది. ఇంతకన్నా బాగా పాఠం చెప్పడం ఎవరి తరమూ కాదని, ఎంతటివాడైనా పొరబడొచ్చని ఆర్విడ్ గారు తన మీదే పెట్టుకుని చూపించారని పాస్టరు అన్నాడు. చీటీల్లో పెట్టెలు గెల్చుకున్న ముగ్గురూ నవ్వుతూ వాటిని తెచ్చి ఇచ్చేశారు. పరీక్షలో పాసయ్యామా అని అడిగారు. ఇది పరీక్ష కాదని ఆర్విడ్ ఎంత గట్టిగా చెబితే వాళ్ళు అంత గట్టిగా నవ్వారు.

కొండమీద ఫోను పలకదు. చీకట్లో ఆర్విడ్‌కు చూపు సరిగా ఆనదు. కొండదారిలో ఎవరైనా బండి నడిపితే ఇప్పుడే వెళ్దామని ఒక్కొక్కర్నీ అడిగాడు. ప్రతివాడూ భుజం తట్టి, చాల్లే మాస్టారూ, బాగా రక్తి కట్టించావు అన్నాడు. ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి, వీళ్ళు నా మాట ఎందుకు నమ్మరని డెలోరిస్‌ను అడిగాడు.

“ఎలా నమ్ముతారయ్యా? నేను తప్పు చేయను, చేయనని ముప్పై ఏళ్ళు వాళ్ళ చెవుల్లో నూరిపోసింది నువ్వే కదా. ఒక్క రాత్రిలో మర్చిపొమ్మంటే ఎలా?”

ఆమె అంతకుమించి ఎత్తిపొడవలేదు. కొరిన్ వెలుతురు రానిదే తుపాకీ ముట్టదని ధైర్యం చెప్పింది. పొద్దున్నే తుపాకీ గురి సరిచూసుకోవడానికి నాలుగైదు తూటాలు కాలుస్తుందని ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

తూర్పు తెల్లబడకముందే ఆర్విడ్ ట్రక్కు తీశాడు. గుండు ఊడదీసే సుత్తి పక్కసీట్లో పెట్టుకున్నాడు. మంచు పడి దారి జారుతోంది. దారి పొడవునా దేవుణ్ణి ఒక్కటే అడిగాడు, ఆ పిల్ల ఇవాళ ఆలస్యంగా లేవాలని. ఆలస్యంగా లేవడం బద్ధకమని ఆమెకు నేర్పింది కూడా తానే.

కొండదారి గుడారానికి అవతలివైపు నుంచి ఎక్కుతుంది. మలుపు తిరగ్గానే మొదట కనిపించింది మోడుకు కొట్టిన కాగితప్పళ్ళెం. దానికి నూరు గజాల దూరంలో, చుట్టిన పరుపు మీద రైఫిలు ఆనించి, నారింజరంగు కోటులో కొరిన్ బోర్లా పడుకుని ఉంది. చెంప తుపాకీకి ఆన్చింది. ఆర్విడ్ హారన్ కొట్టాడు. చెవులకు చప్పుడు వినబడని డిప్పలు పెట్టుకోకుండా కాల్చకూడదని చెప్పింది ఎవరు మరి? ఆమె పెట్టుకుంది. వినబడలేదు.

ఆర్విడ్ ట్రక్కు దిగి పరుగెత్తాడు. పరుగెత్తి, తూటా ఎక్కించిన తుపాకీ ఎదుట, ఆ కాగితప్పళ్ళేనికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు.

డెబ్బై ఏళ్ళలో అతను తుపాకీ గొట్టం ముందునుంచి నడిచింది లేదు. ఖాళీ తుపాకీ ముందు కూడా. కొరిన్‌కు తుపాకీ మీది గురి అద్దంలో పెదనాన్న గుండెలు కనబడ్డాయి. ఆమె తుపాకీ వదిలేసి లేచింది. చెవుల డిప్పలు లాగేసి పరుగున వచ్చింది.

“బుద్ధుందా నీకు? కొంచెముంటే కాల్చేసేదాన్ని. నిన్ను కాల్చేసేదాన్ని పెదనాన్నా.”

ఆర్విడ్ ఆయాసపడుతూ, ఎక్కించిన తూటా తీసెయ్యమన్నాడు. ఆమె తీసింది. అతను సంగతి చెప్పడం మొదలుపెట్టగానే ఆమె మొహంలో కోపం పోయి నవ్వొచ్చింది. విందు నుంచి రాత్రే వచ్చిన పక్క గుడారంవాళ్ళు కథంతా చెప్పారట.

“ఊరికి పెట్టిన పరీక్ష నాకు కూడానా? దానికోసం తుపాకీకి ఎదురు రావాలా? నీ తూటా నువ్వే శంకిస్తే ఎవడు నమ్ముతాడు?”

అతను వాదించలేదు. నీ ఇష్టమొచ్చిన తూటా తియ్యమన్నాడు. ఆమె పెట్టెలోంచి ఒకటి తీసిచ్చింది. సుత్తిలో బిగించి మోడు మీద కొట్టి, గుండు ఊడదీసి, మోడుకున్న ప్లేటు పీకి అందులో మందు పోశాడు. పుల్లముక్కలు, మధ్యలో రవ్వలు. ముందే కలిపి తెచ్చావేమో అంది ఆమె, ఇంకొకటి తీసింది. అందులోనూ అంతే. మూడోదానికి ఆమె నవ్వడం మానేసింది. నాలుగోదానికి చెయ్యి చాపి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడు ఆర్విడ్ పాస్టరు రావడం, అరగంట మాట్లాడటం, గరాటు వంచడం అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. ఏదీ తగ్గించలేదు. చెబుతుంటే కళ్ళవెంట నీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు. తాను నమ్మే మనిషి తన మాట నమ్మిందన్న సంతోషం, ఏ మాట నమ్మిందో తలచుకుంటే సిగ్గు, రెండూ ఒకేసారి.

కొరిన్ గుడారంలోకి వెళ్ళి తూటాల ఇనప్పెట్టె మోసుకొచ్చింది. నిరుటివి, ముందటేటివి, పెళ్ళికి ఇచ్చినవి, వాడకుండా దాచుకున్నవి, అన్నీ అతని రాతతో ఉన్న పెట్టెలే. అతని కాళ్ళ దగ్గర పెట్టింది.

“ఇవి కూడా తీసుకెళ్ళు పెదనాన్నా.”

“ఇవి మంచివేనమ్మా. వీటిలో ఏ తప్పూ లేదు.”

“నీకెలా తెలుసు?”

ఆదివారం నింపినవి కూడా తప్పులేనివనే గురువారం దాకా ఆర్విడ్‌కు తెలుసు. వంగి ఇనప్పెట్టె ఎత్తుకున్నాడు.

ఆమె మెర్విన్‌ను పిలిచి, ఊళ్ళో కొట్టుకు పోయి రెండు పెట్టెలు కొనుక్కురమ్మంది. తర్వాత పెదనాన్నకు కాఫీ కాచి ఇచ్చింది, భుజాల మీద దుప్పటి కప్పింది, చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది. ప్రేమలో ఏ లోటూ చేయలేదు. మోడు దగ్గర నిలబడ్డ సంగతి మాత్రం పెద్దమ్మతో చెప్పనని మాటిచ్చింది. కాఫీ మూడు కప్పులయ్యాక, పొద్దెక్కిన తర్వాత అతను బయల్దేరాడు.

మెర్విన్ మంచివాడు. నోట్లో నువ్వుగింజ నానదు, అంతే. కొట్లో తూటాలు కొనే కొరిన్ మొగుణ్ణి చూసి కొట్టువాడు అవాక్కయి ఎందుకని అడిగితే, కొరిన్ కళ్ళారా చూసిందంతా చెప్పాడు. ఊరు ఆర్విడ్ మాట నమ్మలేదు గానీ, రొక్కమిచ్చి తూటాలు కొన్న మెర్విన్‌ను చూసి వెంటనే నమ్మింది.

ఆర్విడ్ ఇంటి ముందు ట్రక్కు ఆపేసరికి మధ్యాహ్నం దాటింది. వాకిట్లో మెట్లు కనబడటం లేదు. పెట్టెల మీద పెట్టెలు. బూట్ల అట్టపెట్టెల్లో, కాఫీ డబ్బాల్లో, రొట్టెల సంచుల్లో ముప్పై ఏళ్ళ తూటాలు. కొన్నిటి మీద అతను ఎవరికి ఎప్పుడు ఇచ్చాడో రాసిన అక్షరాలు వెలిసిపోయాయి. కొన్నిటి మీద చనిపోయినవాళ్ళ పేర్లు. పాస్టరు తనది చక్కగా రిబ్బను కట్టి పెట్టాడు.

డెలోరిస్ తలుపు తీసింది. బయటికి రావడానికి దారిలేక గుమ్మంలోనే నిలబడింది. కొరిన్ క్షేమమేనా అని అడిగింది. క్షేమమేనని అతను తలూపాడు. ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత మెట్ల మీది గుట్టను, దాని అవతల నిలబడ్డ ముసలివాణ్ణి చూసింది.

“నమ్మారులే” అంది.