సొంత పెద్దమ్మ

పాముకాటు మందు మీద పనిచేసే పశువైద్య పరిశోధనశాల మాది. ఆ మందు తయారీకి పదకొండేళ్లు నెత్తురిచ్చిన ముసలి ఆడగుర్రాన్ని మేమంతా పెద్దమ్మ అనేవాళ్లం. నెలనెలా డాక్టరమ్మ దాని మెడలో సూది గుచ్చి సంచీ నింపుతుంటే, నేను చెవులు నిమురుతూ పట్టుకునేవాణ్ణి. మూడేళ్ల కింద లాయం వెనక గడ్డిలో నా కూతుర్ని పాము కరిచింది. పిల్ల మాకు దక్కిందంటే ఆ మందు వల్లే.

మొన్నటి రక్తపరీక్షలో పెద్దమ్మ కాలేయం పాడైందని తేలింది. "ఇంక చుక్క కూడా తీయొద్దు," అంది డాక్టరమ్మ. నిన్న మధ్యాహ్నం నా తొడ మీద తల పెట్టుకుని కన్నుమూసింది పెద్దమ్మ.

ఇవాళ సెలవుచీటీ ఇస్తే, కొత్తగా వచ్చిన గుమాస్తా కళ్లద్దాల మీదుగా చూశాడు.

"పెద్దమ్మ పోయిందా? అయ్యో! సొంత పెద్దమ్మేనా, వరసకా? రక్తసంబంధమైతేనే సెలవు. రూలు మరి."

ఒళ్లు మండింది. ఆ రూలు రాసినవాణ్ణి ఎప్పుడైనా పాము కరిచిందా అని అడగాలనిపించింది.

"రక్తసంబంధమే సార్," అన్నాను. "కావాలంటే మా అమ్మాయినడగండి."