బట్టీలో తగ్గని బొజ్జ

కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఆయన్ని మరదలు బావా అని పిలవడం విని, వీధి వీధంతా బావ అనే అనడం మొదలుపెట్టింది. ఈ బావకు ఒకటే దిగులు. ఊరందరి చూపూ సరిచేసేవాడే గాని, కట్టుకున్న భార్య కంటికి మాత్రం ఆనడు. మొన్న మీసం తీసేసి ఇంటికొస్తే, ఆవిడ బట్టలు మడతపెడుతూ, కళ్ళజోడు మార్చారా అని అడిగింది.

అందుకే మరదలు బొమ్మకు నిలబడమని అడగ్గానే ఎగిరి గంతేశాడు. బంకమట్టితో బొమ్మలు చేసి కాల్చడం ఆ అమ్మాయి వృత్తి. పురాతన గ్రీకు శిల్పాల్లోని వీరుల్ని పట్టుకొచ్చి ఇంటి చాకిరీలో పెట్టడం ఆమెకు సరదా. భూగోళం మోసేవాడి చేత ఇదివరకే గ్యాసు బండ మోయించింది. ఈసారి నడుం మెలితిప్పి చక్రం విసిరే వీరుడి వంతు. చక్రం బదులు చేతిలో తోమిన పళ్ళెం. ముఖం పాత శిల్పానిదే, కోటేరు ముక్కుతో సహా. ఒళ్ళు మాత్రం బావది.

చొక్కా విప్పి, తువ్వాలు చుట్టుకుని, పళ్ళెం పట్టుకుని వంగి వంగి నడుం పట్టేసినా బావ పళ్ళెం దించలేదు. భార్యకు మాత్రం చెప్పొద్దన్నాడు. ప్రదర్శనలో తన వీరత్వం చూసి ఆవిడ నోరెళ్ళబెట్టాలని, పెళ్ళైన కొత్తలో చూసినట్టు మళ్ళీ ఒక్కసారి చూడాలని అతని ఆశ. తీరా పచ్చిబొమ్మ చూస్తే, తువ్వాలు మీదికి బొజ్జ హాయిగా వాలి ఉంది.

"ఇదేంటమ్మా, ఇంత ఉంది?"

"పచ్చి మట్టి కదా బావా, కాలితే తగ్గుతుంది."

ఆమె చెప్పింది బొమ్మ మొత్తం సంగతి. బావ విన్నది బొజ్జ సంగతి. ఇంకాస్త సెగ పెంచితే ఇంకాస్త తగ్గుతుందేమో చూడమని కూడా బతిమాలాడు. మరదలు విచిత్రంగా చూసి బట్టీ వెలిగించింది.

బట్టీ తెరిచారు. బొమ్మ తగ్గింది. తల తగ్గింది, కాళ్ళు తగ్గాయి, పళ్ళెం సాసరంత అయింది. బొజ్జ కూడా అందరితో పాటు న్యాయంగా తన వంతు తగ్గింది కాబట్టి, దాని దర్జా దానికే ఉంది. పైగా గ్లేజు పూత పట్టి నిగనిగలాడుతోంది. బావకు ఏడుపొక్కటే తక్కువ. దీన్ని ప్రదర్శనలో పెట్టొద్దని వేడుకున్నాడు. నువ్వు వద్దంటే పెట్టనులే అంది గాని, మరదలి ముఖం చిన్నబోయింది. బావ మెత్తని మనిషి, చూడలేకపోయాడు. పెట్టుకో, కానీ ఎవరని అడిగితే ఎవరో అని చెప్పు, ముఖం నాది కాదుగా అన్నాడు.

ప్రదర్శన రోజు బావ కోటు గుండీలన్నీ బిగించి, తేలు కుట్టిన దొంగలా స్తంభం వెనక నిలబడ్డాడు. భార్య లోపలికొచ్చింది. గుమ్మం వైపు బొమ్మ వీపే ఉంది. ఆవిడ ఇంకే బొమ్మనీ చూడకుండా తిన్నగా దాని దగ్గరికి నడిచింది.

"మీ బావని చొక్కా లేకుండా నిలబెట్టావేంటే?"

"బావ కాదక్కా, ఎవరో," అంది చెల్లెలు, మాట తప్పకుండా.

"ఎవరో ఏంటి? ఎడమ భుజం కాస్త దిగి ఉంటుంది. నడుం నొప్పంటే బరువంతా కుడికాలి మీద వేస్తారు. ఆ మెడ వెనక మడత చూడు. రోజూ చూసే మనిషి నాకు తెలీదా?"

స్తంభం వెనక బావ కళ్ళు చెమర్చాయి. దుకాణంలో ఎన్ని అద్దాలు మార్చినా ఇంత చూపు ఎవరికీ తెప్పించలేకపోయాడు. కోటు గుండీలు విప్పేసి, బొజ్జతో సహా బయటికొచ్చాడు.

ఆవిడ అప్పటికి బొమ్మకు ముందువైపు చేరి, ముఖం చూసి పెదవి విరిచింది.

"ఈ ముక్కే బాగాలేదు. మా ఆయనది ఇంతకంటే బాగుంటుంది."