మచ్చ పడని గుడ్డలు

మా అక్క ఒకసారి కత్తిరించిన గుడ్డను మళ్ళీ కొలిచే ప్రసక్తే లేదు. అక్క అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. ఇద్దరం కలిసి ఇంటి ముందు గదిలో బట్టలు కుడతాం. కత్తెర ఆవిడది, కాజాలూ గుండీలూ నావి. ఎవరైనా గౌను బిగుతైందని వెనక్కి తెస్తే అక్క టేపు ముట్టుకోదు. వచ్చినావిడని పైనుంచి కిందికి ఓసారి చూసి, "ఈమధ్య కాస్త ఒళ్ళు చేశారు," అంటుంది. పాపం వాళ్ళు సిగ్గుపడి ఇంటికెళ్ళి ఆ పూట భోజనం మానేస్తారు.

అలాంటి ఇంటికి మా ఆడపడుచు కుక్కని తెచ్చింది. తను పశువుల ఆసుపత్రిలో నర్సు. తల్లి కుక్క ఎముకల గూడులా ఉంది. పొదుగు వాచి చీము పట్టింది, ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. అట్టపెట్టెలో దాని పిల్లలు నాలుగు, ఇంకా కళ్ళు తెరవలేదు. వాటిలో ఒకటి మరీ బక్కది. ఆసుపత్రిలో చోటు లేదట. తల్లి కోలుకునేదాకా మేమే సాకాలట.

"దీని పాలు మాత్రం తాగనివ్వకండి పెద్దొదినా, అందులో చీముంది. సీసాతో పట్టాలి. పట్టాక ప్రతిసారీ తడి దూదితో..."

"ముగ్గుర్ని పెంచాను," అంది అక్క, గౌను అంచు మడుస్తూ. "పాలు పట్టడం నాకు నేర్పకు."

"అది కాదు వదినా, కుక్కపిల్లల సంగతి వేరు..."

"బయట నీ వ్యాను వాడు పిలుస్తున్నాడు చూడు."

వ్యాను డ్రైవరు నిజంగానే హారను మోగిస్తున్నాడు. ఆడపడుచు నా వైపు చూసింది. పెద్దవాళ్ళిద్దరి మధ్య నేనెందుకని నేను సూదిలో దారం ఎక్కించే పనిలో పడ్డాను. అన్నీ బతుకుతాయన్న నమ్మకం లేదు, ముఖ్యంగా ఆ బక్కదాన్ని కనిపెట్టుకుని ఉండండి అని చెప్పి తను వెళ్ళిపోయింది.

బతకవేమో అన్న మాట అక్కకి నచ్చలేదు. తన చేతిలో పడ్డది పాడైపోవడమేమిటి? పిల్లలు పాలకోసం ఎగబడకుండా తల్లిని వెనక గదిలో పెట్టి తలుపేసింది. కటింగు బల్ల కింద బుట్ట పెట్టి, అందులో తెల్లటి లైనింగు ముక్కలు పరిచింది. పాలు పట్టడంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. పిల్లని బోర్లా పడుకోబెట్టుకుని, పాల వేడి మణికట్టు మీద చూసుకుని, సీసా పీక కొంచెం వంచి పట్టేది. ఒక్క చుక్క ముక్కులోకి పోనిచ్చేది కాదు. బక్కదానికి అందరికన్నా ముందు, అందరికన్నా ఎక్కువసేపు. ఎప్పుడూ నన్ను కసిరే ఆ నోటితోనే దాన్ని "బంగారూ, ఇంకొక్క గుక్క" అని బతిమాలుతుంటే, నిజం చెప్పొద్దూ, నాకు కాస్త అసూయ కూడా కలిగింది.

పాలు పట్టాక టేపు తీసేది. ఆసుపత్రివాళ్ళు తూకం చూస్తారని ఆడపడుచు అంటే విన్నాం గానీ, కుట్టుపని వాళ్ళకి ఒళ్ళు అంటే నడుం కొలతే కదా. కొలత ప్రతిసారీ పెరిగింది. గౌనుకి వచ్చినవాళ్ళకీ, చొక్కాకి వచ్చినవాళ్ళకీ అక్క బుట్ట పైకెత్తి మరీ చూపించింది. అంతకన్నా గొప్ప సంగతి ఇంకోటుంది. బుట్టలో గుడ్డల మీద ఒక్క మచ్చ పడలేదు.

"నా పిల్లలకి గుడ్డలు మార్చలేక నడుం పడిపోయేది. వీటికి ఎంత బుద్ధో చూడండి," అనేది వచ్చినవాళ్ళతో.

"అంతా మీ పెంపకమండీ," అనేవాళ్ళు వాళ్ళు.

ఇంట్లో ఉతికే పని నాది కనక నేను కూడా వాటి బుద్ధిని మనసారా మెచ్చుకున్నాను.

బుద్ధి లేనిదల్లా ఆ తల్లికే. పెట్టింది ముట్టదు, మందు మింగదు. ఇక్కడ పిల్లలు పాలు తాగి కుయ్‌మన్నాయో లేదో అక్కడ ఒళ్ళు తెలియని జ్వరంలోంచి లేచి వచ్చి తలుపు గీకుతుంది. గీకి గీకి అక్కడే కూలబడి మూలుగుతుంది.

"కన్నది, పెంచలేకపోయింది. పెంచేవాళ్ళని చూసి ఓర్వలేకపోతోంది," అంది అక్క. "కుక్కకి విశ్వాసం అంటారు. ఎక్కడుంది?"

మర్నాడు పొద్దున బక్కది పీక నోట పట్టి వదిలేసింది. కడుపు బిగిసి గట్టిగా ఉంది. కడుపు నిండిందిలే అంది అక్క. కానీ ఆ మాట కాస్త నెమ్మదిగా అంది. మిగతావి కూడా సగంలోనే మొహం తిప్పేసుకున్నాయి.

తల్లికి ఇంజెక్షను చెయ్యడానికి ఆడపడుచు వచ్చింది. ఆమె చెప్పులు విప్పేలోపే అక్క బుట్ట తెచ్చి ముందు పెట్టింది.

"ఒక్క మచ్చ చూపించు. నిన్న పొద్దున పరిచిన గుడ్డలే ఇవి."

ఆడపడుచు గుడ్డలు తడిమి చూసింది. "నిన్న పొద్దుటివా? అసలు ఒక్కసారి కూడా ఉచ్చ పొయ్యలేదా?"

"అదే కదా చెప్తున్నాను."

"ఈ వయసులో వాటంతట అవి పోసుకోలేవు వదినా. తల్లి నాకితేనే వస్తుంది. తల్లి లేకపోతే తడి దూదితో మనం రుద్దాలి. నిన్న నేను చెప్పబోయింది అదే." బక్కదాని కడుపు మీద వేలు పెట్టి చూసింది. "పెరిగింది ఒళ్ళు కాదు. లోపల ఆగిపోయింది. ఇంకాసేపైతే ప్రాణం మీదికొస్తుంది."

గోరువెచ్చటి నీళ్ళు నేను తెచ్చాను, దూది ఆడపడుచు పట్టింది. ఒకటి పోసింది, రెండోది పోసింది, మూడోది ఆడపడుచు చీరంతా తడిపేసింది. బక్కది మాత్రం ఉలకలేదు. ఎంత రుద్దినా సన్నగా ఏడవడమే తప్ప చుక్క రాలేదు.

"తల్లినే వదలాలి," అంది ఆడపడుచు. "కానీ వదిలితే నాలుగూ పొదుగు మీద పడతాయి. కట్టు కడితే జారిపోతుంది. ఏదైనా తొడగాలి."

అక్క లేచింది. బల్ల మీద చేతికందిన పూల గుడ్డ లాగింది. అది ఎవరిదో కూడా చూడలేదు. గుర్తులు పెట్టకుండా, టేపు పట్టకుండా కత్తెర ఆడించింది. కాళ్ళకి కన్నాలు, పొట్ట కింద రెండు పొరలు, వీపు మీద కట్టుకోడానికి నాడాలు. మిషను అంత వేగంగా తొక్కడం నేనెన్నడూ చూడలేదు. కుట్టు ఎటో మొదలై ఎటో పోయింది. ఒక వైపు బెత్తెడు పొడుగు, ఇంకో వైపు లాక్కుపోయింది. నాతో అయితే విప్పించి మూడుసార్లు కుట్టించేది.

వెనక గదిలోకి ముగ్గురం వెళ్ళాం. చొక్కా తొడుగుతుంటే తల్లి ఎదురు తిరగలేదు. దాని చూపంతా తెరిచి ఉన్న తలుపు మీదే ఉంది. నాడాలు ముడేసి వదలగానే తూలుకుంటూ ముందు గదిలోకి నడిచింది. మూడింటిని వాసన చూసి వదిలేసింది. నాలుగోదాని దగ్గర ఆగింది.

అక్క నేల మీద చతికిలబడి బక్కదాన్ని అరచేతిలో పెట్టుకుని తల్లి మూతి దగ్గరికి చాపింది.

"నాకు తెలీదు తల్లీ," అంది. "నువ్వే చూడు."

తల్లి నాకింది. పొట్ట మీద, తోక కింద, మళ్ళీ పొట్ట మీద. ఆగి రొప్పింది, మళ్ళీ మొదలుపెట్టింది. ఆడపడుచు దూది కింద పెట్టేసింది. చాలాసేపు ఏమీ జరగలేదు. నేను ఆ పిల్ల కాళ్ళే చూస్తున్నాను. అవి ఒక్కసారి చాచుకున్నాయి. అక్క అరచేయి నిండి, మణికట్టు మీదుగా జాకెట్టు చేతిలోకి కారింది. అక్క చెయ్యి తియ్యలేదు. ఏడుస్తోంది, దాచుకోవడం లేదు. నాకూ ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం ఒకావిడ గౌను కోసం వచ్చింది. బల్ల పక్కన పూల చొక్కాతో పడుకున్న కుక్కని చూసి నవ్వింది.

"దీనికింత వంకరగా ఎవరు కుట్టారండీ?"

ఆవిడ నా వైపే చూస్తోంది. వంకర కుట్టయితే అది నాదే అయ్యుంటుందని ఈ వీధిలో అందరి నమ్మకం. నేను నోరు తెరిచేలోపే, "నేనే," అంది అక్క తలెత్తకుండా. పాలు పట్టడం ముగించి, బక్కదాన్ని తల్లి ముందు పెట్టి, అది నాకడం అయ్యేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.